కాల్పుల మర్నాడు

2025 మే 21న అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు చనిపోయారన్న వార్త వచ్చినప్పుడు నేను టెక్కలిలో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. కేశవరావు సొంతూరు జియ్యన్నపేట అక్కడికి దగ్గరే. అందుచేత ఆ వారమంతా టీ బడ్డీ దగ్గరా, మందుల షాపులోనూ, చివరికి ఒక పెళ్లి భోజనాల్లో కూడా అదే మాట నడిచింది. శవాన్ని ఊరికి తెచ్చుకుంటామని కుటుంబం హైకోర్టు దాకా వెళ్లడం, ఆఖరికి నారాయణపూర్‌లోనే దహనం జరిగిపోవడం ఆ మాటల్ని మరింత బరువెక్కించాయి. పీడ విరగడైందని కొందరన్నారు. వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన మనిషి, ఎక్కడ ఉండవలసినవాడు ఎక్కడ పోయాడని కొందరు బాధపడ్డారు. ఇద్దరూ ఒక్క దగ్గర మాత్రం కలిశారు: ఏదైతేనేం, ఇక అయిపోయింది.

మా మావయ్య రిటైరైన టీచరు, డెబ్బై ఆరేళ్ల మనిషి. అంతసేపూ పేపరు మడత విప్పకుండా కూర్చున్నవారు, "అయిపోవడం సంగతి సరేరా, మొదలు ఎప్పుడయిందో చెప్పండి చూద్దాం" అన్నారు. ఒకరు నక్సల్బరీ అన్నారు. ఇంకొకరు చారు మజుందార్ పేరు చెప్పారు. మరొకాయన చైనా దాకా వెళ్లారు. మావయ్య తల అడ్డంగా ఊపి, "లేవిడి కేసు కొట్టీసినారు చూడు, ఆ దినం" అన్నారు.

ఆ మాట ఎన్నో నెలలుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. జనం వీధికెక్కడం, ప్రభుత్వం దానికి జవాబు చెప్పడం, ఆ జవాబులోంచి హింస పుట్టడమో పుట్టకపోవడమో జరగడం, ఈ మూడింటికీ ఉన్న లంకె గురించి ఇన్నాళ్లూ నేను అనుకున్నది ఒకటి, ఇప్పుడు అనుకుంటున్నది ఒకటి. లాఠీ, తూటాలే మనుషుల్ని అడవికి పంపుతాయని ఇదివరకు అనుకునేవాణ్ణి. ఇప్పుడు నాకు తోస్తున్నది వేరు. తూటా తగిలిన రోజున జనం ఏడుస్తారు, తిడతారు, శవాల్ని మోస్తారు. ఏ దారిన పోవాలో తేల్చుకునేది మాత్రం ఆ తర్వాత, ఆ చావులకు ప్రభుత్వం ఏం లెక్క చెప్పిందో విన్నాకనే. కేసు ఎవరి మీద పెట్టారు, విచారణ ఎవరు చేశారు, తీర్పు ఏం వచ్చింది, చచ్చిపోయినవాళ్లకు నలుగురూ కూడి ఏడ్చే వీలైనా మిగిలిందా అన్నవే నిర్ణయిస్తాయి. దీన్నే ఇక్కడ వీలైనంత వివరంగా చెప్పుకోవాలని నా ప్రయత్నం.

ఎవల్ని కొట్టినారు బాబూ

శ్రీకాకుళం గిరిజన సంఘం తుపాకులతో పుట్టలేదని మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం బడి పంతుళ్లు. 1950ల చివర మొదలై దాదాపు పదేళ్లపాటు ఆ సంఘం చేసినదంతా పాలేర్ల జీతం పెంచమనడం, వెట్టి మాన్పించడం, సావుకార్ల అప్పుల లెక్కను నిలదీయడం, పోడు చేసుకునేవాళ్ల మీద ఫారెస్టు సిబ్బంది జులుం ఆపమని అర్జీలు పెట్టడం. సవరలూ జాతాపులూ ఊరేగింపుగా వచ్చి నిలబడితే కొంత జీతం పెరిగేది, కొంత భూమి తిరిగి వచ్చేది. నిదానంగానైనా పని జరుగుతోందని వాళ్లకు నమ్మకం ఉండేది.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు తూటాలకు చనిపోయారు. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు కాల్చింది పోలీసులు కారు. ప్రభుత్వం ఆ రోజున ఇంకా ఏ పక్షానా లేదు, కనీసం లేనట్టు కనిపించే అవకాశం దానికి ఉంది. ఆ అవకాశాన్ని అది ఏడాది తిరిగేలోగా పోగొట్టుకుంది. ఏజెన్సీలో సాయుధ పోలీసు క్యాంపులు వెలిశాయి, సంఘం మనుషుల్నే అరెస్టు చేశారు, 1968లో లేవిడి నిందితులంతా నిర్దోషులుగా బయటికి వచ్చారు. అదే ఏడాది నవంబరులో పెదగొట్టిలిలో ఒక వడ్డీ వ్యాపారి ఇంటి మీద గిరిజనులు వందల సంఖ్యలో పడి ధాన్యాన్నీ, అప్పు పత్రాలనూ పట్టుకుపోయారు. శ్రీకాకుళం సాయుధ పోరాటానికి చరిత్ర చెప్పే మొదటి రోజు అది. లేవిడి కాల్పులకూ దీనికీ మధ్య ఏడాది పైచిలుకు కాలం ఉంది. తీర్పుకూ దీనికీ మధ్య ఉన్నవి కొద్ది నెలలే.

మావయ్య అప్పుడు పార్వతీపురంలో ఉండి టీచర్ ట్రైనింగు చదువుతున్నారు. సంత రోజున చింతపండు అమ్ముకోవడానికి కొండ దిగిన ఒక జాతాపు పెద్దాయన, చదువుకున్న కుర్రాడిలా ఉన్నాడని మావయ్యను పిలిచి, ఎవరో ఇచ్చిన పేపరు ముక్క చేతికిచ్చి చదవమన్నాడట. మావయ్య పైకి చదివారు: లేవిడి కేసు కొట్టివేత. ఆయన వెంటనే అడిగిన మాట, "ఎవల్ని కొట్టినారు బాబూ?" కొట్టేయడం అంటే ఎవరినీ కొట్టలేదని, కేసు లేదనడమని, చంపినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోవచ్చనడమని మావయ్య విడమరిచి చెప్పవలసి వచ్చింది. ఆయన కాసేపు ఊరుకుని, "మరి సచ్చిపోనోల్ల సంగతేటి?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి అమ్ముడుపోని చింతపండు మూట మళ్లీ బిగించుకుని నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడట. ఇది చెప్పేటప్పుడు మావయ్య గొంతు ఇప్పటికీ సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఆగుతుంది. పందొమ్మిదేళ్ల వయసులో తనను ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు లేకపోవడం ఆయన్ని ఇన్నేళ్లూ వెంటాడింది.

ఇత్తడి బిందె

ఇంత పెద్ద చరిత్ర పక్కన పెట్టదగినది కాదేమో గానీ, నాకు ఈ విషయం మొదట తెలిసింది మా ఊళ్లోనే. నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో ఊరి బోరు పాడయింది. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు పట్టుకుని తారురోడ్డు మీద కూర్చున్నారు. మా అమ్మ తెచ్చిన ఇత్తడి బిందె మీద నా పేరు చెక్కి ఉండేది. పదకొండు గంటలయ్యేసరికి అది కాలిపోయి చెయ్యి పెట్టనిచ్చేది కాదు. కొంగు చివర తడిపి దాని మూతి మీద వేసేది అమ్మ. మూడు రోజులు అలా కూర్చున్నారు. బస్సులు పక్క ఊరి మీదుగా తిప్పి నడిపారు. రావలసిన అధికారి జీపు కూడా ఆ పక్క దారినే పోయిందని ఎవరో చూసి వచ్చి చెప్పారు.

నాలుగో రోజున ఎవడో కుర్రాడు విసిరిన రాయికి బస్సు అద్దం పగిలింది. సాయంత్రానికల్లా అధికారి వచ్చారు, వెనకే నీళ్ల ట్యాంకరూ వచ్చింది, పోలీసులూ వచ్చారు. ఇద్దరు కుర్రాళ్లను స్టేషనుకు తీసుకుపోయి కొట్టి వదిలారు. వారం లోపల బోరు బాగుపడింది. మర్నాటి ఏడు వేసవిలో బోరు మళ్లీ మొరాయించినప్పుడు ఒక్క ఆడమనిషి కూడా బిందె పట్టుకుని రోడ్డెక్కలేదు. కుర్రాళ్లు కల్వర్టు దగ్గర రాళ్లు పోగేయడం నేను కళ్లారా చూశాను. వాళ్లకు ఏ పార్టీ వచ్చి ఏమీ నేర్పలేదు. మూడు రోజుల బిందెలకు ఎంత జవాబు వచ్చిందో, ఒక్క రాయికి ఎంత వచ్చిందో ఊరంతా లెక్క కట్టుకుంది.

ఈ లెక్క మన కొండ ప్రాంతాల చరిత్ర పొడుగునా కనిపిస్తుంది. రంపలో కొండల మీద పెత్తనం చేసే మన్సబుదారు ఆగడాల మీద, కల్లు మీద వేసిన చిగురుపన్ను మీద ఎంత మొత్తుకున్నా వినని సర్కారు, 1879 పితూరీ, అంటే తిరుగుబాటు తర్వాత మన్సబుదారును తొలగించి, ఊళ్ల గుంపులకు పెద్దలైన ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. ఆదిలాబాదు గోండులు భూముల కోసం తిరిగినంత కాలం కదలని నిజాం ప్రభుత్వం, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ చనిపోయాక గానీ మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను అక్కడి పరిస్థితులు చూడమని పంపలేదు. ఆ తర్వాతే మార్లవాయి బడీ, గోండులకు పట్టాలూ వచ్చాయి. ఇక శ్రీకాకుళం. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చట్టం 1917 నుంచే ఉంది. 1959లో మళ్లీ ఒక రెగ్యులేషన్ చేశారు. అది కాగితం దాటి కదలలేదు. కొండల్లో సాయుధ దళాలు తిరుగుతున్న 1970లో, ఫిబ్రవరి నెలలో, 1/70 అనే కొత్త రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని మొదట అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే అనే గట్టి నిబంధన అందులో ఉంది. గిరిజన సంఘం పదేళ్లు అర్జీల మీద అడిగినది దాదాపు అదే. మంచి చట్టం. కానీ అది వచ్చిన వేళ చూసి కొండ మనిషి ఏం నేర్చుకుని ఉంటాడో ఊహించడం కష్టం కాదు. 1966లో గాని, లేవిడి జరిగిన వారానికి గాని ఆ రెగ్యులేషన్ వచ్చి ఉంటే సత్యం, కైలాసం మాస్టార్లు తమ బళ్లలోనే రిటైరయ్యేవారేమో. 1970 జులై 10న వాళ్లిద్దరూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. తాము అడిగిన చట్టం వచ్చిన అయిదు నెలలకు.

నాకున్న సందేహాలు

ఇంత సులువుగా చెప్పేస్తే నన్ను నేనే నమ్మను. ఈ వాదనకు ఎదురు నిలిచే విషయాలు ఉన్నాయి. కొన్నింటికి నా దగ్గర జవాబుంది, కొన్నింటికి సగమే ఉంది.

మొదటిది సిద్ధాంతం. లేవిడి తీర్పు వేరుగా వచ్చి ఉంటే శ్రీకాకుళంలో తుపాకి పేలేది కాదని ఖాయంగా అనగలమా? 1967లోనే నక్సల్బరీ అయింది. సాయుధ విప్లవమే దారి అని నమ్మినవాళ్లు అప్పటికే ఉన్నారు. వాళ్లు ఎలాగూ ప్రయత్నించేవారు. ఇది ఒప్పుకుంటాను. అయితే నమ్మినవాళ్లు పది మంది ఉండటం వేరు, వాళ్ల వెనక ఊళ్లకు ఊళ్లు కదలడం వేరు. పంతుళ్లకు పుస్తకాలు ఏం చెప్పినా, పుస్తకం ముట్టని జాతాపు రైతును కొండెక్కించింది ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న. అదే సిద్ధాంతం ఆ తర్వాత ఉద్యమాన్ని తినేసిందని కూడా అంతే నిక్కచ్చిగా చెప్పాలి. వర్గశత్రు నిర్మూలన పేరుతో రాత్రిపూట ఇళ్లలోకి దూరి మనుషుల్ని నరికే పంథా వచ్చాక, ఊరేగింపుల్లో వేల మంది నడిచిన ఉద్యమం గుప్పెడు మంది దళంగా మిగిలింది. ప్రభుత్వం తలుపు మూసిందన్నది నిజమే. ఆ తలుపు మళ్లీ తెరుచుకునే అవకాశాన్ని దళాలూ మిగల్చలేదు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే సందేహం. న్యాయం జరగనప్పుడల్లా జనం ఆయుధం పట్టరు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు రావడానికి 2008 దాకా పట్టింది. ఇరవై మూడేళ్లు. అయినా బాధితులు చీరాల శిబిరంలో కూర్చున్నారు, దళిత మహాసభ పెట్టుకున్నారు, కోర్టుల చుట్టూ తిరిగారు. 1989లో ప్రధాన నిందితుడిని నక్సలైట్లు చంపిన మాట నిజమే గానీ, ఆ ఉద్యమం మొత్తంగా నడిచింది చట్టం దారినే. మరి నా వాదన ఏమైనట్టు? ఆలోచించగా నాకు అర్థమైంది ఇది. కారంచేడు వాళ్లకు తీర్పు రాలేదు గానీ, వాళ్ల గొంతుకు చోటు దొరికింది. చీరాలలో కూర్చోనిచ్చారు, దేశమంతా అక్కడికి వచ్చి చూసింది, కాలనీ వచ్చింది, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక ఆ చావుల బరువు కొంత ఉంది. ఏదో ఒక కిటికీ తెరిచి ఉన్నంతసేపూ మనిషి తలుపు బద్దలు కొట్టడానికి వెనకాడతాడు. అయినా ఈ జవాబు నాకు పూర్తిగా తృప్తినివ్వదు. ఇరవై మూడేళ్లు ఓర్చుకున్నవాళ్ల ఓర్పు వాళ్ల గొప్పతనం. దాన్ని ప్రభుత్వం తన ఖాతాలో వేసుకోకూడదు.

మూడో సందేహం టీ బడ్డీ దగ్గర విన్నదే: అణిచేస్తే అణిగింది కదా. శ్రీకాకుళం 1970తో చల్లారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 తర్వాత గ్రేహౌండ్స్ ప్రత్యేక పోలీసుల ధాటికి దళాలు సరిహద్దు దాటిపోయాయి. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోనూ అంతే. బలప్రయోగం పనిచేయదని నేను అనను, అంటే అబద్ధమవుతుంది. కానీ శ్రీకాకుళంలో చల్లారినది ఎనిమిదేళ్లకు జగిత్యాలలో లేచింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో అంత పెద్ద రైతుకూలీల ఊరేగింపు జరిగితే, రెండు నెలలు తిరగకుండా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో పీపుల్స్‌వార్ పుట్టింది. అణిచివేత మంటను ఒక చోట ఆర్పుతుంది, నిజమే. నిప్పు ఎక్కడ దాగిందో చూడటం దాని పని కాదు. ఆ పని చేయవలసిన యంత్రాంగం మంట ఆరగానే ఇంటికి వెళ్లిపోవడమే నా ఫిర్యాదు.

2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి ఇరుపక్షాలనూ బతిమాలితే వచ్చిన నాలుగు రోజులవి. ఆ రోజుల్లో నన్ను కలచివేసింది లోపల జరిగిన చర్చ కాదు. నక్సలైట్ నాయకులు దిగిన మంజీరా అతిథిగృహం బయట జనం అర్జీలు పట్టుకుని క్యూ కట్టారు. భూమి తగాదాలు, రాని పింఛన్లు, పోయిన ఉద్యోగాలు. అడవిలోంచి వచ్చినవాళ్ల చేతికి కాగితం ఇస్తే పని అవుతుందని వాళ్ల ఆశ. ఎన్నికైన ప్రభుత్వం అదే నగరంలో ఉంది, సచివాలయం అక్కడే ఉంది. అర్జీ మాత్రం వీళ్ల దగ్గరికి వచ్చింది. హింస వల్ల వాళ్లకు పలుకుబడి వచ్చిందని కోప్పడినవాళ్లను అర్థం చేసుకోగలను. ఆ క్యూ పొడవును కొలవవలసింది మాత్రం సోమవారం గ్రీవెన్సులో ఏళ్ల తరబడి మూలుగుతున్న కాగితాల ఎత్తుతో. చర్చలు నిలవలేదు. ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి, 2005 ఆగస్టు 15న శాసనసభ్యుడు నర్సిరెడ్డిని జెండా పండుగ రోజున మావోయిస్టులు కాల్చి చంపారు, రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది. ఎంతో కష్టపడి తెరిచిన తలుపును ఇరువైపుల నుంచీ మూసేశారు.

ఏడవనివ్వని రోజు

1981 ఏప్రిల్ 20 సోమవారం, ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు అనుమతి ఆఖరి నిమిషంలో రద్దు చేశారు. ఆ రద్దు సంగతి కొండల్లోంచి నడిచి వస్తున్న గోండులకు ఎలా తెలుస్తుంది? వచ్చినవాళ్లను ఆపారు, తోపులాట అయింది, కాల్పులయ్యాయి. ప్రభుత్వం లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. పౌరహక్కుల వారి లెక్కలో 60 మంది. చనిపోయినవాళ్ల సంఖ్య మీదనే ప్రభుత్వానికీ జనానికీ పొంతన కుదరని చోట నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి నలభై ఏళ్ల గురించి. చనిపోయినవారి గుర్తుగా కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు. తర్వాత మళ్లీ కట్టారు. కానీ ఏటా ఏప్రిల్ 20 వస్తే చాలు, ఇంద్రవెల్లిలో 144వ సెక్షన్ పెట్టేవారు. స్తూపం చుట్టూ పోలీసులు. తండ్రి చనిపోయిన రోజున కొడుకు పోయి నాలుగు పూలు పెట్టడానికి దశాబ్దాల పాటు వీల్లేకపోయింది. పెద్దల్ని తలుచుకోవడం గోండులకు ఎంత పెద్ద విషయమో ఆదిలాబాదులో పనిచేసిన ఏ ఉద్యోగిని అడిగినా చెబుతాడు. శాంతిభద్రతల పేరుతో ఏడుపును నిషేధించిన ఏ ప్రభుత్వమైనా, ఆ ఏడుపును మోయడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల చేతుల్లో దాన్ని పెడుతోందని నాకనిపిస్తుంది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ ఆదిలాబాదు అడవి పీపుల్స్‌వార్‌కు పెట్టని కోట కావడానికి అడవి దట్టంగా ఉండటం ఒక్కటే కారణం కాదు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వెళ్లి ఆ స్తూపం దగ్గర తల వంచారు. ఆ రోజు టీవీలో చూస్తూ, ఇది చేయడానికి ఖర్చయినదేమిటి, నలభై మూడేళ్లు ఎందుకు పట్టింది అనుకున్నాను.

ఉత్తర ఐర్లాండులోని డెర్రీ ఊళ్లో 1972 జనవరి 30న పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపి 13 మందిని అక్కడికక్కడే చంపారు, గాయపడినవారిలో ఇంకొకరు తర్వాత పోయారు. మూడు నెలలు తిరగకుండా ఏప్రిల్‌లో వచ్చిన విచారణ నివేదిక సైనికులను వెనకేసుకొచ్చింది. ఆ ఏడాది అక్కడి హింసలో 450 మందికి పైగా చనిపోయారు. కాల్పులే కారణమా, నివేదిక కారణమా అని విడదీయలేం గానీ, చనిపోయినవాళ్లే తప్పుచేసినవాళ్లన్నట్టు రాసిన ఆ కాగితాన్ని డెర్రీ జనం ముప్పై ఎనిమిదేళ్లు మోశారు. 2010 జూన్‌లో రెండో విచారణ నివేదిక వచ్చి, ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పినప్పుడు ఆ ఊరి చౌరస్తాలో గుమిగూడిన మృతుల బంధువులు మొదటి నివేదిక ప్రతిని చించి పారేశారు. తూటా కన్నా ఆ కాగితమే వాళ్లను ఎక్కువ కాలం గాయపరిచింది.

మన దగ్గర ఎన్‌కౌంటర్ జరిగితే వచ్చే కాగితం ఎప్పుడూ ఒకటే: పోలీసుల మీద కాల్పులు జరిపారు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపాం. చనిపోయినవాడే నిందితుడు. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే నరహత్య కేసు నమోదు చేయాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమని చెప్పింది. ఎంత మామూలు న్యాయం! దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ తీర్పు అమలై ఉంటే పోలీసులకు పని చేయడం కష్టమయ్యేదని వాదించేవారి మాట కొట్టిపారేయను. కానిస్టేబులూ పేదింటి బిడ్డే, మందుపాతరకు ముక్కలైనవాళ్లలో మా పక్క ఊరి కుర్రాడున్నాడు. అయినా అడుగుతాను. ఏ తూటాకైనా లెక్క చెప్పవలసి ఉంటుందని తెలిసిన పోలీసుకూ, ఏ తూటాకూ లెక్క అక్కరలేదని తెలిసిన పోలీసుకూ తేడా ఉండదా? ఆ తేడాను ఎదుటి మనిషి గమనించడా?

ఉద్దానం, రెండోసారి

ఈ వ్యాసం రాయాలన్న ధైర్యం నాకు వచ్చింది సోంపేట వల్ల. సోంపేటకూ శ్రీకాకుళం పోరాటానికీ ఉన్న పొత్తు బయటివాళ్లకు అంతగా తెలియదు. శ్రీకాకుళం పోరాటం కొండల్లోనే నడవలేదు. జీడిమామిడి, కొబ్బరి తోటల ఉద్దానంలోనూ నడిచింది. గరుడభద్రలో భూస్వామి పంట కోసినవాళ్లు, జముకుల కథతో ఊరూరా తిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి, 1969 మే 27న సహచరులతో పాటు ఎన్‌కౌంటర్ అయిన పంచాది కృష్ణమూర్తి, అందరూ ఈ నేల మీదివాళ్లే. నలభై ఏళ్ల తర్వాత అదే ఉద్దానంలోని సోంపేటలో, బీల భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నారు. బీల అంటే ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే పల్లపు నేల. దాని మీద వరి రైతులూ బతుకుతారు, చేపలు పట్టేవాళ్లూ బతుకుతారు. కాగితాల్లో అది పనికిరాని బంజరు.

జనం శిబిరం వేసి రిలే దీక్షలకు కూర్చున్నారు. 2010 జులై 14న పనులు మొదలుపెట్టడానికి వేల మంది పోలీసులతో వచ్చారు. ఆడవాళ్లు బీలలో మోకాలి లోతు నీళ్లలో అడ్డం నిలబడ్డారు. లాఠీలు, కాల్పులు, చావులు. 1967 నాటి కథలో లేవిడి ఎక్కడ ఉందో ఈ కథలో ఆ రోజు అక్కడే ఉంది. నేల అదే, పాత పాటలు ఇంకా నోళ్లలో ఉన్నాయి, ఒడిశా అడవి కూతవేటు దూరం. మరి ఉద్దానం రెండోసారి ఎందుకు తుపాకి పట్టలేదు?

కాలం మారింది, టీవీ కెమెరాలు ఉన్నాయి, దళాలు అప్పటికి బలహీనపడ్డాయి. ఇవన్నీ కారణాలే. కానీ అదే జులై 14న ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అది బీల అని, బంజరు కాదని చెప్పింది. ఊరివాళ్లు తమ డబ్బులు పోగేసుకుని, ఫొటోలు తీయించి, మ్యాపులు గీయించి వేసిన అప్పీలును అక్కడ ఒకరు చదివారు. శవాలు లేచిన రోజే ఆ జవాబు అందింది. ప్రభుత్వం దాన్ని చూసి ఏమీ నేర్చుకోలేదు. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలో, మరో థర్మల్ కేంద్రం తలపెట్టిన కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు జరిపారు, వందల మంది మీద పెట్టిన కేసులు ఏళ్ల తరబడి సాగాయి. అయినా జనం శిబిరాల్లోనే కూర్చున్నారు, కోర్టులకే వెళ్లారు. సోంపేట బీలలో ఆ థర్మల్ కేంద్రం ఇప్పటికీ లేదు. విశాఖ ఏజెన్సీ భూముల్ని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇటువంటిదే. బషీర్‌బాగ్‌లో 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల ఉద్యమం మీద జరిగిన కాల్పుల్లో ముగ్గురు పోయాక ఆ కోపం ఎన్నికల దాకా ఆగింది. 2004లో కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం ఉచిత విద్యుత్తు మీద పడింది. చావు చావే. కానీ ఆ తర్వాత వెళ్లి తట్టడానికి ఒక తలుపుంది.

కిందటి డిసెంబరులో మావయ్యను తీసుకుని బీల చూడటానికి వెళ్లాను. ఎండ ఇంకా పొడవకుండానే గట్టున ఒక ముసలామె గంపలో చేపలు ఏరుకుంటోంది. ఆ రోజు మీరు కూడా ఉన్నారా అని అడిగితే మోచేతి మీద పాత గాయం మచ్చ చూపించింది. కుట్లెన్ని పడ్డాయో చెప్పింది, తన చెల్లెలు రెండు రోజులు ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పింది. అంత జరిగాక కోపం రాలేదా అని మావయ్య అడిగారు. "రాకేటి బాబూ, మా గొప్పగా వచ్చింది" అని ఆమె చేపల మీది నాచు దులుపుతూ కాసేపు ఊరుకుంది. "అయితేటి, ఢిల్లీల ఎవలో ఒకలు మా కాయితం సదివినారు" అంది.

మావయ్య ఇంకేమీ అడగలేదు. గట్టు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్న చెయ్యి కారు దాకా తీయలేదు.